శ్మశానంలో మిడతలు

మిడతని పట్టాలంటే దాని వెనక నుంచి పోయి లాభం లేదు, దానికి వెనక కూడా కనిపిస్తుంది. నీడ దాని మీద పడకుండా మెల్లగా దగ్గరికి జరిగి, అరచెయ్యి గిన్నెలా చేసి, ఒక్కసారి మూసెయ్యాలి. చీర కట్టుకుని ఈ పని చెయ్యడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. చేసినవాళ్ళు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నేనొక్కదాన్నే అనుకుంటాను. పొద్దున పిల్లలకి ఎక్కాలు చెప్పి, సాయంత్రం బడి వదలగానే మిడతల వేటకి పోయిన పంతులమ్మ ఇంకెవరైనా ఉంటే నాకు చూడాలని ఉంది.

ఆ మిడతలు ఒక సాలీడు కోసం. గోడ మూలల్లో బూజు పెట్టే మామూలు సాలీడు కాదు. ఒళ్ళంతా బొచ్చు, లావుపాటి కాళ్ళు, నేలలో బొరియ చేసుకుని ఉండే రకం. టరాంటులా అంటారని మా తమ్ముడు చెప్పాడు. ఆ పేరు మా అమ్మ నోట ఒక్కసారి కూడా సరిగ్గా పలకలేదు.

దాన్ని ఇంటికి తెచ్చింది తమ్ముడే. డిగ్రీలో జంతుశాస్త్రం చదివి, ఉద్యోగం రాక, మాకున్న కాస్త పొలంలో పత్తి వేస్తున్నాడు. నాన్న మా చిన్నప్పుడే పోయాడు కాబట్టి ఇంట్లో మేం ముగ్గురమే. నేను పర్చూరులో ఒక ప్రైవేటు బడిలో చెప్పేదాన్ని. తొంభైల చివర, ఒక ఎండాకాలం వాడు దర్శి దగ్గర బంధువుల ఊరికి పోయాడు. అక్కడ బావి తవ్వుతుంటే రాళ్ళ కింద ఇది దొరికిందట. అప్పటికింకా పిల్ల, కాళ్ళతో కలిపి రూపాయి బిళ్ళంత ఉంది. హార్లిక్స్ సీసాలో వేసుకుని, మూతికి గుడ్డ కట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. తుండుగుడ్డలో అక్కడి ఎర్రమట్టి కూడా మూట కట్టుకుని వచ్చాడు. మా నల్లరేగడి ఎండితే పగుళ్ళు, తడిస్తే బంక, దాంట్లో ఇది బొరియ చేసుకోలేదని.

అమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. "పండక్కి పండక్కి నడుములు పడిపోయేట్టు నేను బూజు దులుపుతుంటే వీడు సాలీణ్ణి తెచ్చి పెంచుతాడంట! ఊళ్ళో అందరూ గేదెల్ని పెంచుతారు, కోళ్ళని పెంచుతారు. నా కడుపున పుట్టినోడు చూడండమ్మా!"

"ఇది బూజు పెట్టదమ్మా. బొరియలో ఉంటది."

"బూజు కూడా పెట్టని సాలీడు ఎందుకురా? ఈనని గేదె లాగా!"

అలా తిడుతూనే దానికి ముందుగదిలో, కిటికీ పక్క గూట్లో చోటిచ్చింది. మా అమ్మ తిట్లన్నీ అంతే, తిట్టిన చేత్తోనే పీట వేస్తుంది.

దాని పెంపకం తమ్ముడు నాకు నేర్పాడు. రోజూ పెట్టక్కర్లేదు. దాని పొట్టకంటే చిన్న మిడతని ఏరి, తన్నే వెనక కాళ్ళు తుంచి, చీపురుపుల్లతో లోపలికి జార్చాలి. తినగా మిగిలింది మర్నాడు తీసెయ్యకపోతే కుళ్ళుతుంది. సోడామూతలో తడిపిన దూది పెడితే నీళ్ళకి సరిపోతుంది. చీమలు పట్టకుండా సీసాని నీళ్ళ పళ్ళెంలో పెట్టాలి, మనం బెల్లం డబ్బా పెట్టుకున్నట్టు. చేత్తో తాకకూడదు, బొచ్చు తగిలితే దురద. అన్నిటికంటే ముఖ్యం, చేలో మిడతని పెట్టకూడదు.

"మందు కొట్టిన చేలో మిడతని తిన్నదంటే వణికి వణికి చస్తది అక్కా. ఆ మందు నరాల మీద పనిచేస్తది. పురుగుకైనా, సాలీడుకైనా, మనిషికైనా నరం నరమే."

ఇంత తెలిసినవాడు బకెట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి మందు కలిపేవాడు. ముక్కుకి గుడ్డ కట్టుకోరా అంటే ఉక్కపోస్తుంది అనేవాడు. నాకు వాడి మీద ఉన్న కోపం ఇదొక్కటే. ఇన్నేళ్ళయినా తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా నాకు లేదు.

ఆ ఏడు పత్తికి శనగపచ్చ పురుగు పట్టింది. ఏ మందుకీ చావలేదు. ఒకటి కొడితే లాభం లేదని రెండు, రెండు చాలవని మూడు కలిపి కొట్టారు ఊళ్ళోవాళ్ళు. పొద్దున లేస్తే మందు కొట్టే పంపుల చప్పుడు. ఊరు ఈ చివర నుంచి ఆ చివర దాకా అదే వాసన, దండెం మీద ఆరేసిన బట్టలకీ, తలకిందికి పెట్టుకున్న దిండుకీ. మజ్జిగ గ్లాసు ఎత్తితే మజ్జిగ కంటే ముందు మందు తగిలేది ముక్కుకి. ఇంత చేసినా పురుగు మాత్రం కాయ లోపల హాయిగా కూర్చుని తినేది.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం తమ్ముడు చేలో నుంచి నడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట, నోట్లోంచి చొంగ. నేను బడిలో ఉన్నాను, ఇదంతా అమ్మ చెప్పిందే. "నీళ్ళమ్మా" అన్నాడట. అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. పక్కింటి పిన్ని పరుగున వచ్చి ఆ చెంబు లాక్కుంది. "నీళ్ళు పొయ్యబాక! నీళ్ళు పడితే మందు ఒళ్ళంతా ఎక్కుద్ది!" అంది. మంచికే అంది, మా ఊళ్ళో అందరూ అదే అంటారు. ఆటోలో వేశారు. చిలకలూరిపేట దాకా కూడా రాలేదు వాడు.

తర్వాత మొదలైంది అసలు బాధ. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ గుమ్మంలో చెప్పులు విడుస్తూ, గొంతు తగ్గించి, ఒకటే మాట. "తాగాడా?"

ఆ రోజుల్లో పత్తి ఊళ్ళల్లో అది అడగకుండా ఎవరూ శవాన్ని చూసేవాళ్ళు కాదు. పంట పోయి మందు తాగినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. కొడుతుంటే ఒంటికి పట్టి పోయినవాళ్ళూ ఉన్నారు. చూడటానికి ఇద్దరూ ఒకేలా ఉంటారు. మా వాడు ఏ రకం? నాకు తెలియదు. ముందురోజు కూడా నాతో నవ్వుతూ మాట్లాడాడు, కానీ నవ్వుతూ మాట్లాడిన వాళ్ళు తాగలేదా? అమ్మ మాత్రం ఆ మాట వింటే మనిషి కాదు. "నా బిడ్డ అట్టాంటోడు కాదు" అని ఒకరికి చెప్పి, ఇంకొకరికి చెప్పి, చివరికి గోడకి చెప్పేది. అన్నం మానేసింది. ఆ 'తాగు' అనే మాటే ఇంట్లో వినపడకుండా పోయింది. ఎవరైనా వస్తే "మజ్జిగ పుచ్చుకోండి" అనేది. నేనూ అదే నేర్చుకున్నాను.

పెద్దకర్మ ముందురోజు, పోయినవాళ్ళు ఏ జన్మ ఎత్తారో చూసే ఆచారం ఒకటి ఉంది మా వైపు. వాళ్ళు పడుకునే చోట నేల అలికి, జల్లించిన బియ్యప్పిండి పలచగా పరిచి, పక్కన దీపం పెట్టి, పిండి మీద వెదురు గంప బోర్లిస్తారు. తలుపులు మూసేస్తారు. తెల్లారి గంప ఎత్తితే పిండిలో గుర్తులుంటాయి. పిట్ట కాళ్ళుంటే పిట్ట, గిట్టలుంటే పశువు. గీతలు పడితే పామని చెప్పి దండం పెట్టుకుంటారు.

పిండి జల్లిస్తూ పిన్ని అమ్మతో అంది. "మనసు గట్టి చేసుకో అక్కా. బలవంతాన పోయినోళ్ళకి అడుగులు పడవు. ఆయువు తీరిందాకా వాళ్ళకి ఇంకో జన్మ ఉండదు, తిరుగుతానే ఉంటారు." అమ్మ ఆ రాత్రంతా తలుపు వైపే చూస్తూ కూర్చుందని నాకు తెలుసు. అడుగులు పడితే కొడుకు తాగలేదు. పడకపోతే తాగాడు. అమ్మకి అది అంతే.

తెల్లారి పిన్నే గంప ఎత్తింది. పిండిలో గుర్తులున్నాయి. సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు, వరసలుగా, అటు పోయి ఇటు వచ్చి. "పిట్టేమో" అంది పిన్ని. "చీమలు" అన్నారు ఇంకెవరో. అమ్మ గంప లోపలికి చూసింది. అల్లిక మూలలో ముడుచుకుని ఉంది తమ్ముడి సాలీడు. కాళ్ళకి తెల్లగా పిండి.

అమ్మ గట్టిగా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, అది వినడం కంటే ఏడుపు వినడం నయం. "చూశారా? తాగలేదు. నా బిడ్డ తాగలేదు. వచ్చేశాడు."

నాకు కనిపించింది వేరు. వచ్చేపోయే జనంలో సీసా మూతి గుడ్డకి కట్టిన దారం జారిపోయింది. చీకటిగా ఉన్న చోటు వెతుక్కుంటుంది సాలీడు. ఆ గదిలో గంప కింద కంటే చీకటి ఎక్కడుంది? ఇది నేను అమ్మతో అనబోయాను. అమ్మ నా వైపు చూసి, "ఇంత ఇల్లుండగా దానికి వాడు పడుకునే చోటే దొరికిందా?" అంది. ఆ మధ్యాహ్నం అమ్మ అన్నం తింది. సాలీడు బతికి ఉంటే అమ్మ తింటుంది. ఆ ఒక్కటీ అర్థం చేసుకుని నేను నోరు మూసుకున్నాను.

అలా దాని పెంపకం నా నెత్తిన పడింది.

బొద్దింకలు పెట్టొచ్చు కదా అంటారేమో, ఇంట్లో కావలసినన్ని. ఒకసారి పెట్టబోయాను. "వాడికి బొద్దింక పెడతావటే?" అని అమ్మ ఎంత లేచిందంటే మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేను లేనప్పుడు తను నేతి మెతుకులు వేసింది సీసాలో, పప్పుచారు కలిపి, వాడికి ఇష్టమని. అవి బూజు పట్టి, చీమలు వచ్చి, ఒక పూటంతా నేను ఎర్రమట్టి జల్లెడ పట్టాల్సి వచ్చింది. చీమలు పడితే సాలీడు చస్తుందని చెప్పాక మానేసింది. మెతుకులు మానింది గానీ మాటలు మానలేదు. పొద్దున్నే గూటి ముందు నిలబడి ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది. "అబ్బాయ్, ఆ మూల చేను వాళ్ళు పత్తి పీకేశారు. మనదీ పీకిద్దామా?" అని అడిగి, జవాబు కోసం ఆగేది. ఆ ఆగడం నేను తట్టుకోలేకపోయేదాన్ని.

నాకు అలాంటి నమ్మకాలు లేవు. ఐనా ఆ గదిలో సీసాకి వీపు పెట్టి కూర్చోలేకపోయేదాన్ని. నేను అడుగుపెట్టగానే అది బొరియ అంచు దాకా వచ్చి ముందు కాళ్ళు రెండూ అద్దానికి ఆనించేది. అడుగుల అదురుకి వస్తుందని తెలుసు. తెలిసి కూడా ఒకరోజు, "ఒరేయ్, ఉండరా, వేస్తున్నా" అన్నాను. అని, నా గొంతు నేనే విని, పుల్ల కింద పడేశాను.

మిడతలు ఎక్కడి నుంచి తేవాలి? పత్తి చేలు మందు, మిరప చేలు అంతకంటే మందు. కాలవ గట్టు మీద తమ్ముడు పట్టేవాడు గానీ, ఇప్పుడు అందరూ పంపులు కడిగేది ఆ గట్టునే. ఇంటి వెనక గడ్డిలో వెతుకుదామంటే పక్కనే మిరప. ఊరు చుట్టూ నడిచి నడిచి చూస్తే మందు వాసన లేని చోటు ఒక్కటే కనిపించింది. అక్కడ ఎవరూ ఏమీ పండించరు కాబట్టి ఎవరూ ఏమీ కొట్టరు. నడుముల దాకా గడ్డి, అడుగు వేస్తే చిటపటమని లేచే మిడతలు. ఊరి శ్మశానం.

మాలో ఆడవాళ్ళు శ్మశానానికి పోకూడదు. తమ్ముణ్ణి తీసుకెళ్ళిన రోజు అమ్మనీ నన్నూ వీధి మలుపు దగ్గరే ఆపేశారు. వాణ్ణి ఎక్కడ కాల్చారో కూడా మాకు చెప్పలేదు. చెప్పక్కర్లేకుండా నాకు తెలిసింది. మొదటి రోజు పోయినప్పుడే, తుమ్మచెట్టుకి అవతల, గడ్డి మొలవని నల్లటి చోటు కొత్తగా ఉంది. చలికాలం గడిచేకొద్దీ దాని అంచుల నుంచి గడ్డి లోపలికి పాకింది. సన్నటి లేత గడ్డి. మంచి మిడతలన్నీ ఆ లేత గడ్డిలోనే ఉండేవి. నేను ఎంతకాలం వేరేచోట పట్టుకుందామని చూశాను! అటు పోయి ఇటు పోయి చివరికి అక్కడికే చేరేదాన్ని. వాడి బూడిదలో మొలిచిన గడ్డి తిన్న మిడతని, వాడే అని అమ్మ నమ్ముతున్న సాలీడుకి తెచ్చి పెడుతున్నాను. దీన్ని ఏమనాలో నాకు తెలియదు. చేతిలో మిడత గిజగిజలాడుతుంటే ఒక్కోసారి వదిలేసి, మళ్ళీ పట్టేదాన్ని.

శ్మశానం పక్కనే సాయిబుల గోరీలు. అక్కడ మేకలు మేపుకునే ఒక దూదేకుల తాత నన్ను చూశాడు ఒకరోజు. "ఇక్కడికి ఆడపిల్లలు రాగూడదమ్మా" అన్నాడు. మిడతల కోసం వచ్చానని చెప్పాను. ఎందుకని అడగలేదు. కాసేపు చూసి, చేతికర్రతో గడ్డిని బాది, "లేపుతున్నా, పట్టుకో" అన్నాడు. ఆ తర్వాత కనిపించినప్పుడల్లా బాదేవాడు. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఇంటికి పోయేముందు బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుని, డబ్బా పుస్తకాల సంచిలో దాచుకుని పోయేదాన్ని. "ఏడ పట్టావే?" అంటే "గట్టు మీద" అనేదాన్ని. అమ్మ మళ్ళీ అడిగేది కాదు.

సాలీడు పెరిగింది. నా అరచేతిలో సగం అయింది. అమ్మ కూడా కాస్త కోలుకుంది.

మాఘం వచ్చేసరికి అది తినడం మానేసింది. మిడత పక్కన పడితే వెనక్కి జరిగేది. పొట్ట వెనక బొచ్చు రాలిన చోట నల్లబడింది. తర్వాత బొరియ మూతికి పలచగా సాలెగూడు అల్లి లోపలే కూర్చుంది. మందు తగిలిన మిడత ఏదో పడిందని నాకు భయం. గడ్డి ఎండిపోయి మిడతలు తగ్గిపోయినా, శ్మశానమంతా తిరిగి, ఉన్నవాటిలో లేతది ఏరి తెచ్చాను. తినలేదు.

అమ్మ కూడా మానేసింది. "వాడు తినకుండా నేనెట్టా తింటాను?" అంది. బతిమాలాను, అరిచాను, కంచం విసిరేశాను. పిన్ని వచ్చి బలవంతాన రెండు ముద్దలు పెడితే పెరట్లోకి పోయి కక్కేసింది. కళ్ళు లోపలికి పోయాయి. జాకెట్టు భుజాల మీంచి జారేది. ఆసుపత్రికి పోదామంటే గూటి ముందు నుంచి కదలదు. ఆ రోజుల్లో బడిలో పాఠం చెబుతూ చెబుతూ, ఇంటికి పోయేసరికి ఎవరు పోయి ఉంటారో అని లెక్కలేసుకునేదాన్ని. సాలీడు పోతే అమ్మ పోతుంది. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

శివరాత్రి వెళ్ళిన రెండో మూడో రోజు, ఆదివారం పొద్దున, అది బొరియలోంచి బయటికి వచ్చి వెల్లకిలా పడి ఉంది. ఎనిమిది కాళ్ళూ పైకి. కదలిక లేదు. పురుగు వెల్లకిలా పడిందంటే చచ్చిందనే, పత్తి ఊళ్ళో పుట్టినవాళ్ళకి అది ఎవరూ చెప్పక్కర్లేదు. మందు కొట్టిన మర్నాడు చేలో పడి ఉండేవన్నీ వెల్లకిలానే ఉంటాయి.

అమ్మ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. పిన్ని వచ్చి చూసి, లెంపలేసుకుని, "ప్రాణం ఇంకా ఉందేమో అక్కా. తులసి నీళ్ళు పొయ్యి. పోయేవాళ్ళ గొంతు తడపాలి" అంది. ఆ రోజు నీళ్ళ చెంబు లాక్కున్న మనిషే. ఆ సంగతి పిన్నికి గుర్తుందో లేదో గానీ అమ్మ ఆమె వైపు ఒక్క క్షణం చూసింది.

దేవుడి గదిలోంచి నేనే పంచపాత్ర తెచ్చాను. అమ్మ మూతి గుడ్డ విప్పింది. ఉద్ధరిణితో నీళ్ళు తీసి, చెయ్యి వణక్కుండా, సరిగ్గా దాని నోటి దగ్గర పోసింది. ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ పోసింది.

"తాగు నాయనా" అంది. "తాగు. అమ్మని. తాగు."

కార్తీకం నుంచి ఆ ఇంట్లో వినని మాట. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మ పంచపాత్ర ఖాళీ అయ్యేదాకా పోసింది. ఎర్రమట్టి పైకి నీళ్ళు తేలాయి, సాలీడు ఆ నీళ్ళలో మునిగింది. తర్వాత సీసా నా చేతికిచ్చి, "కాలవలో కలిపి రా" అంది, అస్థికలు కలిపి రమ్మన్నట్టు.

కలిపి వచ్చాను. వచ్చేసరికి అమ్మ తలారా స్నానం చేసి పొయ్యి వెలిగించింది. ఆవకాయ వేసుకుని అన్నం తింది. నేను గుమ్మంలో నిలబడి ఆ ముద్దలు లోపలికి పోవడం చూశాను. పోతుందనుకున్న అమ్మ తింటోంది. ఎందుకు తింటోందో అడిగితే మానేస్తుందేమోనని అడగలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు, బడి వదలగానే నా కాళ్ళు వాటంతటవే తుమ్మచెట్టు వైపు తిరిగేవి. సగం దూరం పోయాక గుర్తొచ్చేది, తీసుకుపోవడానికి ఎవరూ లేరని.

ఏళ్ళు గడిచాయి. నాకు సర్కారు బడిలో ఉద్యోగం వచ్చింది. దర్శి వైపు వేస్తే అక్కడ ఇల్లు అద్దెకి తీసుకుని అమ్మని తెచ్చుకున్నాను. పొలం కౌలుకిచ్చాం. పత్తికి కొత్త విత్తనాలు వచ్చి పంపుల చప్పుడు తగ్గిందన్నారు. తమ్ముడి మాట మేమిద్దరం ఎత్తుకునేవాళ్ళం కాదు. సాలీడు మాట అసలే లేదు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం, ఏడాది కారానికి మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తున్నాం. కేబుల్ టీవీ మోగుతోంది, ఏదో జంతువుల ఛానల్. ఇంగ్లీషు అమ్మకి రాదు, బొమ్మలు చూస్తుంది. ఉన్నట్టుండి తెర నిండా బొచ్చు సాలీడు. నేను రిమోట్ కోసం చెయ్యి చాపాను.

"ఉంచు" అంది అమ్మ.

ఆ సాలీడు వెల్లకిలా తిరిగింది. ఎనిమిది కాళ్ళూ పైకి. కదలకుండా పడి ఉంది. కాసేపటికి దాని ఒంటి మీద చర్మం పగిలింది. లోపలి నుంచి మెత్తగా, పాలిపోయిన కొత్త సాలీడు, ఒక్కో కాలూ పాత తొడుగులోంచి లాక్కుంటోంది. కుబుసం విడుస్తోంది. దానికి ముందు అవి తిండి మానేస్తాయని, ఆ సమయంలో ముట్టుకోకూడదని, నీళ్ళు తగలకూడదని టీవీలో గొంతు చెబుతోంది. నాకు అర్థమైంది. అమ్మకి అర్థం కాకూడదని దేవుడికి దండం పెట్టుకున్నాను.

అమ్మ తొడిమలు తుంచుతూనే ఉంది. "ఆ రోజు కాలు కదిలిందే" అంది.

"ఏ రోజమ్మా?"

"నీళ్ళు పోసినప్పుడు. మొదటి ఉద్ధరిణికే కదిలింది, ముందు కాలు. పిన్ని చూళ్ళేదు. నేను చూశా."

"బతికుందని తెలిసి పోశావా?"

"పోశా." ఇంకో కాయ అందుకుంది. "నువ్వు కాళ్ళు కడుక్కుని వచ్చేదానివి. చెప్పులు కడిగేదానివి కాదు. మిడతలు తెచ్చినప్పుడల్లా వాటికి బూడిద. మన ఊళ్ళో బూడిద తొక్కే చోటు ఇంకేడుంది?"

నేను తొడిమలు తుంచడం ఆపేశాను.

"తాగాడో, ఒంటికి పట్టిందో, ఆ సంగతి వాడితోనే పోయింది. నాకు వాడు కావాలని పట్టుకు కూచున్నా. వాడికి తిండి పెట్టాలని నిన్ను శ్మశానానికి పంపిస్తన్నా. ఒకడు ఎట్టాగూ పోయాడు, రెండోదాన్ని నా చేత్తో నేనే అక్కడికి తోలుతున్నా గదా అనిపించింది. అది బతికినన్నాళ్ళూ నువ్వు పోతానే ఉంటావు. ఆపవు నువ్వు, నాకు తెలుసు."

టీవీలో సాలీడు పూర్తిగా బయటికి వచ్చింది. ఖాళీ తొడుగు పక్కన పడి ఉంది, అచ్చం సాలీడు లాగే. అమ్మ ఆ రెండిటినీ చూస్తోంది. నాకు ఏడుపు ఆగలేదు. తుడుచుకుందామంటే రెండు చేతులూ కారం. అమ్మ నా వైపు చెయ్యి చాపబోయి, తన చేతులూ అంతేనని చూసుకుని వెనక్కి తీసుకుంది. తుడుచుకోవడానికి లేక ఇద్దరం అలాగే కూర్చున్నాం, మధ్యలో మిరపకాయల కుప్ప పెట్టుకుని.